తెలుగు పేర్లున్న స్కాన్లు, డ్రాప్‌బాక్స్ ఏపీఐ: ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన పని

కోస్తా జిల్లాలోని ఒక ఊరి గ్రంథాలయంలో పాత తెలుగు మాసపత్రికల బైండు సంపుటాలను స్వచ్ఛంద కార్యకర్తలు స్కాన్ చేస్తున్నారు. కాగితం పెళుసుబారి, పుట తిప్పినప్పుడల్లా అంచు రాలే స్థితికి వచ్చిన సంపుటాలవి. కొన్నింటిని రెండోసారి స్కానర్ మీద పెట్టే అవకాశం లేదు. తయారైన ఫైళ్లన్నీ ఒకే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో చేరుతున్నాయి కాబట్టి, ఏ రోజు పని ఆ రాత్రే క్లౌడ్‌కు చేరాలని, చేరిన ప్రతి ఫైలుకూ చేరినట్లు రుజువు ఉండాలని నిర్వాహకులు కోరారు. ఆ ప్రోగ్రాంను నేను డ్రాప్‌బాక్స్ అనే క్లౌడ్ స్టోరేజీ సేవ ఏపీఐతో (ఒక సేవకు ప్రోగ్రాంలు నేరుగా ఆదేశాలు పంపే మార్గం), పైథాన్‌లో రాశాను. క్లౌడ్ స్టోరేజీ ఏపీఐలతో మొదటిసారి పనిచేయబోయేవారికి ఉపయోగపడుతుందని ఆ పని జరిగిన క్రమాన్ని, దాని వెనుక ఉన్న నిర్ణయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

ఏపీఐ ద్వారా ఒక ఫైలును పంపడం కొద్ది నిమిషాల పని. అధికారం ఎవరి పేరున ఉండాలి, ఒక ఫైలును దేనితో గుర్తుపట్టాలి, పంపింది పంపినట్లే చేరిందని ఎలా తేల్చుకోవాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉన్నప్పుడే ఆ ప్రోగ్రాంను ఒక సంస్థ చేతిలో పెట్టగలం. వీటిలో రెండో ప్రశ్న తెలుగు ఫైలు పేర్ల విషయంలో ఎక్కువ శ్రద్ధ కోరుతుంది.

డ్రాప్‌బాక్స్ వారి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌నే ఎందుకు వాడలేదన్నది ఎవరికైనా ముందుగా వచ్చే సందేహం. ఆ సాఫ్ట్‌వేర్ రెండు వైపులా ఒకే స్థితిని నిలబెడుతుంది. కంప్యూటర్‌లో పొరపాటున ఒక ఫోల్డర్‌ను తొలగిస్తే క్లౌడ్‌లోనూ తొలగుతుంది. వ్యక్తిగత ఖాతాల్లో అలా తొలగిన ఫైళ్లను 30 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, ఒక సంపుటం మాయమైన సంగతి గ్రంథాలయంలో నెల రోజుల్లో ఎవరి దృష్టికైనా వస్తుందన్న భరోసా లేదు. ఇక్కడ కావలసింది ఒకవైపు మాత్రమే నడిచే జమ. ఏపీఐని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే.

యాప్, అనుమతులు

పని మొదలయ్యేది డెవలపర్ల కోసం ఉన్న యాప్ కన్సోల్‌లో కొత్త యాప్‌ను నమోదు చేయడంతో. అక్కడ అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనది, యాప్‌కు ఖాతా మొత్తం కనిపించాలా, తన సొంత ఫోల్డర్ ఒక్కటే కనిపించాలా అన్నది. రెండో మార్గంలో ఖాతాలోని యాప్స్ ఫోల్డర్ కింద మన యాప్ పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది, ప్రోగ్రాంకు అదే లోకం. ఇంటి తాళాలన్నీ ఇవ్వకుండా ఒక్క గది తాళం ఇచ్చినట్లు. గ్రంథాలయం అదే ఖాతాలో చందా రసీదులు, సమావేశాల తీర్మానాలు కూడా దాచుకుంటోంది కాబట్టి మరో ఆలోచన లేకుండా ఈ మార్గాన్నే తీసుకున్నాము. తర్వాత మనసు మారితే ఈ ఎంపికను సరిదిద్దే వీలు లేదు, కొత్త యాప్ నమోదు చేసుకోవలసిందే. అందువల్ల ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించడం మంచిది.

అనుమతుల ట్యాబ్‌లో మేము మూడింటినే టిక్ చేశాము: ఫైళ్ల వివరాలను చదవడం, ఫైళ్లను రాయడం, ఫైళ్లను చదవడం. షేరింగ్ లింకులు సృష్టించే అనుమతిని కావాలనే అడగలేదు. ఆ పత్రికల్లో కాపీరైటు గడువు తీరని రచనలు ఎన్నో ఉన్నాయి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. తన దగ్గర ముద్రిత ప్రతి ఉన్న రచనను లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవడానికి 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అవకాశం ఇస్తోంది. దాచుకోవడం వేరు, లోకానికి పంచడం వేరు. ఆ తేడాను ప్రోగ్రాం రాసేవారి జాగ్రత్తకు వదిలేయకుండా అనుమతుల స్థాయిలోనే నిలబెట్టడం సాధ్యమైనప్పుడు అలాగే చేయాలని నా అభిప్రాయం.

తొలగింపు విషయంలో మాత్రం అంత సౌలభ్యం లేదు. ఫైళ్లను రాసే అనుమతిలోనే తొలగించే అధికారం కూడా కలిసి ఉంటుంది, దాన్ని విడదీసి వద్దనలేము. కాబట్టి తొలగించే ఆదేశం ప్రోగ్రాంలో ఎక్కడా లేకుండా చూసుకున్నాము.

కొత్తవారిని తరచుగా ఆపేసే ఒక చిన్న సంగతి కూడా ఈ ట్యాబ్‌లోనే ఉంది. అనుమతులను టిక్ చేసి సబ్మిట్ చేసిన తర్వాత తీసుకున్న టోకెన్‌కే (ఖాతాలోకి ప్రోగ్రాంకు ప్రవేశం ఇచ్చే సంకేతం) అవి వర్తిస్తాయి. అంతకు ముందు తీసుకున్న టోకెన్ పాత అనుమతులతోనే నడుస్తుంది. 401 సంఖ్యతో, స్కోప్, అంటే అనుమతి, లేదన్న అర్థం వచ్చే సందేశం కనిపిస్తే కోడ్‌ను వెతకకుండా ముందు కొత్త టోకెన్ తీసుకోవాలి.

టోకెన్ ఎవరి పేరున ఉండాలి

కన్సోల్‌లో ఒక బటన్ నొక్కితే పరీక్షల కోసం టోకెన్ వెంటనే వస్తుంది. దానితో ప్రస్తుత ఖాతా వివరాలు అడిగే ఆదేశాన్ని పంపి, జవాబులో గ్రంథాలయం పేరు కనిపించిందంటే దారి తెరుచుకున్నట్లే. కానీ ఆ టోకెన్ ఆయుష్షు నాలుగు గంటలే. సాయంత్రం పరీక్షించి రాత్రికి వదిలేస్తే, పని సగంలో ఉండగా గడువు తీరుతుంది. 2021 సెప్టెంబర్ 30 వరకు ఇదే బటన్ గడువు లేని టోకెన్ ఇచ్చేది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలా వాటిలో ఆనాటి పద్ధతే ఉంది. అంతకన్నా పాత పాఠాలైతే 2017లో మూతపడిన మొదటి వెర్షన్ ఏపీఐకి చెందినవి. నమూనా కోడ్ తీసుకునే ముందు దాని తేదీ చూడమని నేను ఎవరికైనా చెప్పేది ఇందుకే.

మనిషి ప్రమేయం లేకుండా రోజూ నడవవలసిన ప్రోగ్రాంకు రిఫ్రెష్ టోకెన్ కావాలి. అధికారం అడిగే లింకులో టోకెన్ రకం ఆఫ్‌లైన్ అని పేర్కొంటే, ఖాతాదారు సమ్మతించిన తర్వాత తెరపై ఒక కోడ్ కనిపిస్తుంది. దాన్ని ప్రోగ్రాంకు ఇస్తే నాలుగు గంటల టోకెన్‌తో పాటు రిఫ్రెష్ టోకెన్ వస్తుంది. ఆపైన గడువు తీరినప్పుడల్లా కొత్త టోకెన్ తెచ్చుకునే పనిని పైథాన్ ప్యాకేజీ తనంతట తానే చేస్తుంది. పీకేసీఈ అనే పద్ధతిని వాడితే యాప్ రహస్య సంకేతాన్ని ఆ కంప్యూటర్‌లో ఉంచవలసిన అవసరమే ఉండదు. పదిమంది కూర్చునే కంప్యూటర్ కాబట్టి మేము ఆ పద్ధతినే పాటించాము. రిఫ్రెష్ టోకెన్‌కు దానంతటదిగా గడువు తీరదు. ఖాతా సెట్టింగ్స్‌లో యాప్‌ను తొలగించినప్పుడు రద్దవుతుంది. అందుకని దాన్ని కోడ్‌లో రాయకుండా, ప్రోగ్రాం నడిచే యూజర్ తప్ప మరెవరూ చదవలేని ఫైలులో పెట్టాము.

అయితే అంతకన్నా ముఖ్యమైన నిర్ణయం ఆ సమ్మతి ఎవరి ఖాతా నుంచి రావాలన్నది. ఇలాంటి సంస్థల్లో ఉత్సాహవంతుడైన ఒక యువకుడి సొంత ఖాతాతో పని మొదలవుతుంది, అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తుంది, ఫైళ్ల తాళం అతని వెంట వెళ్లిపోతుంది. గ్రంథాలయం పేరిట ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్‌ను కవర్లో పెట్టి కార్యదర్శి బీరువాలో భద్రపరిచిన తర్వాతే నేను యాప్‌ను నమోదు చేశాను.

ఫైలు పేరు

ఏపీఐకి ఆదేశాలు వెళ్లే చిరునామాలు ప్రధానంగా రెండు. ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పమనే తరహా ఆదేశాలు ఒక చిరునామాకు, ఫైలు సారాన్ని మోసుకెళ్లేవి కంటెంట్ అనే పేరుతో మొదలయ్యే చిరునామాకు వెళతాయి. రెండో రకంలో అభ్యర్థన దేహమంతా ఫైలే ఆక్రమిస్తుంది కనుక, ఏ పేరుతో ఎక్కడ పెట్టాలన్న సమాచారం జేసన్ అనే డేటా రూపంలో ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లో, అంటే అభ్యర్థన దేహానికి ముందు ఉండే వివరాల వరుసలో, వెళుతుంది. హెడర్‌లో ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులకే చోటు. తెలుగు పేరును నేరుగా పెడితే అభ్యర్థన చెల్లదు. ప్రతి అక్షర సంకేతాన్నీ బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ఆరు గుర్తుల రూపంలోకి మార్చి పంపాలి. నవంబర్ అనే మాటలో, ప్రతి అక్షర చిహ్నానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ లెక్క ప్రకారం, న, వ, సున్న, బ, ర, పొల్లు అని ఆరు సంకేతాలుంటాయి కాబట్టి హెడర్‌లో అది 36 గుర్తులవుతుంది. అధికారిక పైథాన్ ప్యాకేజీ ఈ మార్పు చేసేస్తుంది. పైథాన్‌లో జేసన్ తయారుచేసే మామూలు ఫంక్షన్ కూడా ఏమీ చెప్పకపోతే ఇలాగే రాస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఆ పని మనమే చేసుకోవాలి.

ఇది తేలికగా తీరే చిక్కు. అసలు విషయం గ్రంథపాలకురాలు తెరపై చూపించిన రెండు ఫైళ్లలో ఉంది. రెండింటి పేరూ వైశాఖం సంచికే. పక్కపక్కనే ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. “రెండూ ఒకటే కదండీ, ఏది ఉంచాలి?” అని ఆమె అడిగారు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవు కాబట్టి, కంటికి కనిపించని తేడా ఏదో ఉందని తెలుస్తూనే ఉంది.

పైథాన్‌లో ఆ పేర్లలోని ఒక్కో సంకేతం సంఖ్యను అచ్చువేయించగా ఒకదాని మొదటి మాటలో ఆరు, రెండోదాని మొదటి మాటలో ఏడు కనిపించాయి. ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది: 3144 సంఖ్య గల ఒకే సంకేతంగానైనా, 3142 సంఖ్య గల ఎత్వానికి కింద చేరే 3158 గుర్తును జోడించైనా. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. మ్యాక్ కంప్యూటర్లలో చాలాకాలం వాడుకలో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను విడగొట్టిన రూపంలో దాచేది. ఒక కార్యకర్త తన పాత మ్యాక్ డిస్కు నుంచి తెచ్చిన ఫైలు పేరు అలా విడిపోయి వచ్చింది. లైనక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. విడిపోయిన దాన్ని కలిపే రూపానికి ఎన్‌ఎఫ్‌సీ అని పేరు. పంపే ముందు ప్రతి పేరునూ పైథాన్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో ఆ రూపానికి తెస్తే ఈ చిక్కు పూర్తిగా తీరుతుంది.

ఎన్‌ఎఫ్‌సీ సరిదిద్దలేని తేడా మరొకటి ఉంది. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి; దాని సంఖ్య 8204. నవంబర్ అన్న మాట చివర ఒకరి కీబోర్డు ఆ గుర్తు పెడుతుంది, మరొకరిది పెట్టదు. చూపుకు రెండూ ఒకటే, యంత్రానికి రెండు పేర్లు. అలాగని అన్నిచోట్లా దాన్ని ఏరిపారేస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అవుతుంది, ఏ పాఠకుడూ దాన్ని ఒప్పుకోడు. అందువల్ల మాట చివర, అంటే ఖాళీకి, చుక్కకు, అంకెకు ముందు ఉన్నప్పుడు మాత్రమే తీసేసి, మాట నడుమ ఉన్నదాన్ని అలాగే ఉంచే నియమం పెట్టుకున్నాము. మాట చివర ఆ గుర్తు ఉన్నా లేకపోయినా రూపం మారదు కనుక ఈ నియమం వల్ల ఎవరికీ ఏమీ పోదు.

పేరు పొడవు గురించి ఒక్క మాట. లైనక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ సిస్టమ్ ఒక పేరుకు 255 బైట్లే ఇస్తుంది, యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కపెడితే 85 సంకేతాలకు పేరు ముగియాలి. పత్రిక పేరు, సంపాదకుడి పేరు, సంపుటం, సంచిక, మాసం అన్నీ ఫైలు పేరులోనే పెట్టే అలవాటు ఉన్నచోట ఇది చాలదు. వివరాలన్నీ ఒక పట్టికలోకి మార్చి, ఫైలు పేరును పత్రిక, సంవత్సరం, మాసం వరకే కుదించాము.

ఇంత చేసినా పేరును ఫైలు గుర్తింపుగా వాడకూడదనే నేను భావిస్తాను. రేపు ఎవరో అక్షరదోషం సరిదిద్దుతారు, ఫోల్డర్ మారుస్తారు. డ్రాప్‌బాక్స్ ప్రతి ఫైలుకూ ఒక ఐడీ ఇస్తుంది. పేరు మార్చినా, చోటు మార్చినా అది మారదు. పట్టికలో ప్రతి సంచిక వరుసకూ ఆ ఐడీని జతచేశాము.

పెద్ద ఫైళ్లు, తెగిపోయే కనెక్షన్

ఏ4 పుటను 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించని రూపంలో 2480 ఇంటూ 3508 పిక్సెళ్లు, పిక్సెల్‌కు మూడు బైట్లు, వెరసి దాదాపు 26 ఎంబీ. ఉచిత ఖాతాలోని 2 జీబీ ఎనభై పుటల దగ్గరే నిండిపోతుంది. కాబట్టి మూల చిత్రాలు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉండాలని, క్లౌడ్‌కు సంపుటాల పీడీఎఫ్‌లు మాత్రం వెళ్లాలని, అందుకు చందా ఖాతా తీసుకోవాలని నిర్ణయమైంది.

ఒకే అభ్యర్థనలో పంపగలిగే ఫైలు పరిమితి 150 ఎంబీ. సంవత్సరమంతటి సంచికలు ఒకే బైండులో ఉన్న సంపుటం దాన్ని సులభంగా దాటుతుంది. అలాంటి ఫైలుకు అప్‌లోడ్ సెషన్ తెరిచి, ముక్కలుగా పంపి, చివరి ఆదేశంతో పేరు పెట్టి మూయాలి. చిన్నదానికి ఒక పద్ధతి, పెద్దదానికి ఒకటి అని రెండు దారులు పెట్టకుండా అన్నింటికీ సెషన్‌నే వాడాము. రాత్రి పూట నడిచే పనిలో వేగం కన్నా ఒకే దారి ఉండటం మేలు. ముక్క పరిమాణం 8 ఎంబీ. అక్కడ కరెంటు, నెట్ ఏది ఎప్పుడు పోతుందో చెప్పలేము కాబట్టి, ముక్క చేరిన ప్రతిసారీ సెషన్ ఐడీని, ఎన్ని బైట్లు చేరాయన్న లెక్కను డిస్కులో రాసిపెడుతుంది ప్రోగ్రాం. ముక్క అవతలికి చేరి, జవాబు మనకు చేరేలోపు లైను తెగితే రెండు వైపుల లెక్కలూ కలవవు. అప్పుడు సర్వర్ లెక్క తప్పిందని చెప్పి ఊరుకోకుండా, తన దగ్గర ఎన్ని బైట్లున్నాయో సరైన సంఖ్యను కూడా జవాబులో ఇస్తుంది. దాన్ని చదువుకుని అక్కడి నుంచి కొనసాగితే సరిపోతుంది, మొదటికి రావలసిన పని లేదు.

పొరపాటు సంకేతాల్లో 409ని, 429ని వేరుగా చూడాలి. 429 అంటే కాస్త ఆగమని. ఎన్ని సెకన్లు ఆగాలో హెడర్‌లోనే ఉంటుంది. ఒకే ఖాతాలోకి ఒకేసారి ఎన్నో ఫైళ్లు రాయబోతే ఇది ఎదురవుతుంది, అందుకే మేము ఒకదాని తర్వాత ఒకటి పంపుతాము. పైన చెప్పిన బైట్ల లెక్క తేడా కూడా 409గానే వస్తుంది; దాన్ని మినహాయిస్తే, 409 వచ్చినప్పుడు ఆగి మళ్లీ పంపి లాభం లేదు. ఆ పేరుతో వేరే సారం ఉన్న ఫైలు అప్పటికే అక్కడ ఉందనో, దారి తప్పనో సాధారణంగా అర్థం, మనిషి చూడాలి. రాసే విధానాన్ని యాడ్ (కొత్తగా చేర్చడమే) అని, ఆటోరీనేమ్ (పేరును తనంతట తానే మార్చడం) వద్దని పేర్కొన్నందువల్ల ఉన్న ఫైలు మీద మరొకటి పడే ప్రమాదం లేదు. అదే సారం ఉన్న ఫైలును అదే పేరుతో మళ్లీ పంపితే మామూలుగా దాన్ని సంఘర్షణగా లెక్కించరు. అంటే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలైనా నకళ్లు పుట్టవు.

రుజువు

నిర్వాహకులు మొదట అడిగిన విషయం ఇదే. సర్వర్ 200 అని జవాబిచ్చిందంటే తనకు అందినదాన్ని దాచిందని అర్థం. తనకు అందింది మన డిస్కులో ఉన్నదేనా అన్నది వేరే ప్రశ్న. ముక్కలను కూర్చడంలో మన ప్రోగ్రాంలోనే తేడా ఉంటే 200 దాన్ని పట్టుకోదు. దీనికి జవాబు సెషన్ మూసినప్పుడు వచ్చే వివరాల్లో, కంటెంట్ హ్యాష్ అనే పేరుతో, 64 గుర్తుల వరుసగా ఉంటుంది. హ్యాష్ అంటే ఫైలు సారం నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిది.

అది ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో కట్టే మామూలు హ్యాష్ కాదు కాబట్టి సాధారణ పరికరాలతో లెక్కిస్తే కలవదు. ఫైలును 4 ఎంబీ భాగాలుగా, అంటే 41,94,304 బైట్ల చొప్పున విడదీస్తారు. ఒక్కో భాగానికీ ఎస్‌హెచ్‌ఏ-256 కట్టి, వచ్చిన 32 బైట్ల ఫలితాలను వరుసగా అతికించి, ఆ వరుసకు మళ్లీ ఎస్‌హెచ్‌ఏ-256 కడతారు. 10 ఎంబీ ఫైలుకు మూడు భాగాలు, 96 బైట్లు, వాటికి తుది హ్యాష్. అతికించవలసింది అక్షరాల్లో రాసిన రూపాన్ని కాదు, అసలు బైట్లను. ఫైలు 4 ఎంబీ కన్నా చిన్నదైనా హ్యాష్‌కు హ్యాష్ కట్టవలసిందే. పైథాన్‌లో పది పన్నెండు వరుసల్లో తేలే పని ఇది.

ప్రోగ్రాం ఈ హ్యాష్‌ను పంపకం మొదలవక ముందే, డిస్కులోని ఫైలును నేరుగా చదివి లెక్కిస్తుంది. పంపుతూ పంపుతూ లెక్కిస్తే, చదవడంలో జరిగిన తేడా రెండు వైపులా ఒకేలా చేరి, హ్యాష్‌లు కలిసినా ఫైలు సరైనదన్న హామీ ఉండదు. రెండు హ్యాష్‌లు కలిస్తే పట్టికలో ఆ సంచిక వరుసలో హ్యాష్, ఐడీ, తేదీ నమోదవుతాయి. కలవకపోతే ఆ వరుస ఖాళీగా ఉండి మరుసటి ఉదయం గ్రంథపాలకురాలికి వెళ్లే ఈమెయిల్‌లో కనిపిస్తుంది.

వారానికోసారి క్లౌడ్‌లోని జాబితా మొత్తాన్ని పట్టికతో పోల్చే పని వేరుగా నడుస్తుంది. జాబితా అడిగేటప్పుడు మూల ఫోల్డర్‌ను స్లాష్‌తో కాకుండా ఖాళీ పదంగా ఇవ్వాలి. జవాబు విడతలుగా వస్తుంది. ఇంకా ఉంది అని సూచించే గుర్తు ఉన్నంతవరకు, జాబితాలో ఎక్కడిదాకా వచ్చామో తెలిపే కర్సర్ చూపి మళ్లీ అడగాలి, మధ్యలో ఒక విడత ఖాళీగా వచ్చినా ఆపకూడదు. చివరి కర్సర్‌ను దాచుకుంటే తర్వాత మార్పులు మాత్రమే అడగవచ్చు. మేము పోల్చేది మొత్తం జాబితాను కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచే అడుగుతాము. మార్పు జరగగానే కబురు పంపే వెబ్‌హుక్స్ సౌకర్యం ఉంది గానీ, దానికి బయటి నుంచి చేరగలిగే చిరునామా కావాలి. గ్రంథాలయంలోని కంప్యూటర్‌కు అది లేదు, ఈ పనికి అవసరమూ లేదు.

చదివే అనుమతిని మూడోదిగా ఎందుకు తీసుకున్నామో ఇప్పుడు చెప్పాలి. నెలకోసారి ప్రోగ్రాం పట్టికలోంచి కొన్ని సంచికలను యాదృచ్ఛికంగా ఎంచి, ఐడీ ఆధారంగా వెనక్కి దింపి, హ్యాష్ కట్టి చూస్తుంది. దింపిన పీడీఎఫ్‌లను గ్రంథపాలకురాలు స్వయంగా తెరిచి, పుటలు వరుసలో ఉన్నాయో లేదో, అంచుల్లో అక్షరాలు తెగాయో లేదో చూసి, పట్టికలో తన పొడి సంతకం పెడతారు. స్కాన్‌లోనే పుట జారిపోతే హ్యాష్ ఏమీ చెప్పలేదు; అలా తేలిన సంచికల మూల సంపుటాలు ఇంకా పుట తిప్పే స్థితిలో ఉండగానే మళ్లీ స్కానర్ మీదికి వెళుతున్నాయి.